నాలుగు మీటర్ల గీత



కారు కొందామనుకున్న ఇళ్లలో ఈమధ్య ఒకే రకం వాదన వినిపిస్తోంది. ఎస్‌యూవీయే కావాలన్న దగ్గర అందరిదీ ఒకటే మాట. డబ్బు 11, 12 లక్షల దగ్గర ఎక్కడో ఆగుతుంది. అక్కడి నుంచి ఇల్లు రెండు పార్టీలవుతుంది. అబ్బాయి కాంపాక్ట్ బండిలో టాప్ మోడల్ తీసుకుందామంటాడు, నెక్సానో, సోనెట్టో, వెన్యూవో. ఆ ధరకి పైన సన్‌రూఫ్ వస్తుంది, ముందు పెద్ద స్క్రీన్ వస్తుంది, గేర్లు వాటంతటవే మారతాయి. నాన్నగారేమో, అదే డబ్బుకి కొంచెం కలిపితే క్రెటాలోనో సెల్టోస్‌లోనో కింది మోడల్ వస్తుంది కదరా, బండి పెద్దది, దర్జాగా ఉంటుంది అంటారు. వెనక సీట్లో కూర్చోబోయే అమ్మని మాత్రం ఎవరూ అడగరు.

ఈ కాస్త సమయంలో ఆ వెనక సీటు గురించే ఎక్కువ మాట్లాడాలని ఉంది. కానీ దానికంటే ముందు, ఈ రెండు రకాల బళ్లను విడదీసిన గీత ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ గీతను గీసింది కారు కంపెనీలు కాదు, కొనేవాళ్లు అసలే కాదు. కేంద్ర బడ్జెట్.

2006 బడ్జెట్లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. మరి చిన్న కారంటే ఏది? దానికి కొలతలు చెప్పారు. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకూడదు. అంతే, ఆ రోజు నుంచి మన దేశంలో కార్ల ఆకారమే మారిపోయింది. అప్పటిదాకా 4 మీటర్ల 16 సెంటీమీటర్లున్న డిజైర్ 2012లో వెనక డిక్కీ కురచ చేసుకుని 3,995 మిల్లీమీటర్లకి దిగింది. గీతకి ఐదు మిల్లీమీటర్ల ఇవతల ఆగిందన్నమాట. ఇచ్చిన గుడ్డకి సరిపెట్టి చొక్కా కుట్టే దర్జీ పనితనం అది. ఆ మరుసటి ఏడాది ఎకోస్పోర్ట్ వచ్చింది, 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్. ఇవాళ మనం కాంపాక్ట్ ఎస్‌యూవీ అంటున్న బళ్లలో చాలావాటి పొడవు చూడండి, 3,990, 3,994, 3,995. ఇన్ని కంపెనీల ఇంజినీర్లకి ఒకే అంకె కలలోకి రాదు కదా.

పరాయి దేశాల్లో ఈ నాలుగు మీటర్ల గీత లేదు. ఇది పూర్తిగా మన సరుకు.

తర్వాత ఎక్సైజ్ పోయి జీఎస్టీ వచ్చింది. గీత మాత్రం అక్కడే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రేట్లు మారినప్పుడు కార్లన్నీ చవకయ్యాయని అందరం సంతోషించాం. నిజమే, చవకయ్యాయి. కానీ ఒక సంగతి చాలామంది గమనించలేదు. అంతకుముందు నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ బండికి సెస్సుతో కలిపి 29 శాతం పన్ను ఉండేది, దానికి పైన ఉన్న క్రెటా లాంటి బండికి 45 శాతం. తేడా 16. ఇప్పుడు చిన్నదానికి 18, పెద్దదానికి 40. తేడా 22. అంటే రెండిటి ధరా తగ్గింది గానీ, రెండిటి మధ్య అగాధం ఇంకా లోతయింది. ఫ్యాక్టరీ ధర 8 లక్షలున్న బండిని తీసుకోండి. గీతకి ఇవతల ఉంటే జీఎస్టీతో 9 లక్షల 44 వేలవుతుంది. అవతల ఉంటే 11 లక్షల 20 వేలు. లక్షా డెబ్బై ఆరు వేలు తేడా. ఆ డబ్బుకి అదనంగా రేకు ముక్క కూడా రాదు.

ఇంకో చిత్రం చెబుతాను. బ్రెజా పొడవు 3,995 మిల్లీమీటర్లే. కానీ దాని పెట్రోల్ ఇంజిన్ 1462 సీసీ. పొడుగు పరీక్షలో పాసై, ఇంజిన్ పరీక్షలో తప్పింది. కాబట్టి చూడటానికి చిన్న బండే అయినా పన్ను మాత్రం పెద్ద బండిదే, 40 శాతం. షోరూములో ఎవరూ ఈ ముక్క పనిగట్టుకుని చెప్పరు, మీరు అడిగితే తప్ప.

సరే, పన్ను గోల కాసేపు పక్కన పెడదాం. బండి దగ్గరికి వద్దాం.

రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి, అందరికీ తెలిసిన ఒక చోటికి తీసుకెళతాను. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మీద, అనంతపురం దాటాక పెనుకొండ వస్తుంది. విజయనగర రాజుల కాలం నాటి కోట ఉన్న ఊరు. దాని దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. అక్కడి నుంచే 2019 ఆగస్టులో సెల్టోస్ బజార్లోకి వచ్చింది, మరుసటి ఏడాది సెప్టెంబర్లో సోనెట్. ఒకటి మిడ్‌సైజ్, రెండోది కాంపాక్ట్. ఒకే ఆవరణలో తయారైనవి. రెండిట్లోనూ అదే 1493 సీసీ డీజిల్ ఇంజిన్ దొరుకుతుంది. సోనెట్ మీద 18 శాతం పన్ను, సెల్టోస్ మీద 40. ఇంతకంటే మంచి జోడీ పోలికకి దొరకదు కాబట్టి వీటినే కొలుద్దాం. అప్పటి సెల్టోస్ కొలతలే చెబుతున్నాను, కొత్త తరానికి అది ఇంకా పెరిగింది.

సోనెట్ పొడవు 3,995. సెల్టోస్ 4,315. తేడా 320 మిల్లీమీటర్లు, అంటే అడుగు మీద అర అంగుళం. ఈ అడుగు ఎక్కడికి పోయిందన్నదే అసలు ప్రశ్న. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు, మనం కూర్చునే జాగా అంతా దాని మీదే ఆధారపడుతుంది. సోనెట్‌కి అది 2,500, సెల్టోస్‌కి 2,610. తేడా 110 మిల్లీమీటర్లు, బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. అంటే మనం డబ్బు కట్టిన అడుగులో మూడో వంతే చక్రాల మధ్యకి చేరింది. మిగతాది ముక్కుకీ, తోకకీ పోయింది.

వెడల్పు ఎంత తేడా ఉంటుందనుకుంటున్నారు? సోనెట్ 1,790, సెల్టోస్ 1,800. పది మిల్లీమీటర్లు! చిటికెన వేలంత కూడా లేదు. పెద్ద బండి కొంటే వెనక ముగ్గురు హాయిగా కూర్చోవచ్చని చాలామంది అనుకుంటారు. మోకాళ్లకి జాగా పెరుగుతుంది, నిజమే. భుజాలకి పెరిగేది నామమాత్రం. వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే మధ్యలో ఉన్నవాళ్ల అవస్థ రెండిట్లోనూ ఒకటే. పైగా చాలా బళ్లలో మధ్యలో నేల కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, సీటు గట్టిగా ఉంటుంది. మొన్న మా పిన్నిని ఒక మిడ్‌సైజ్ బండిలో వెనక మధ్యలో కూర్చోబెట్టి చూశాం. "ఎక్కడానికి సుఖంగానే ఉందిరా, ఈ కాళ్లు ఎక్కడ పెట్టుకోను, వీళ్ల ఒళ్లోనా?" అంది. ఆ ఒక్క మాటతో మా బాబాయి ఎంచిపెట్టుకున్న రంగు, వేరియంటు, నంబరు అన్నీ వాయిదా పడ్డాయి.

ఇక్కడ ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. కాంపాక్ట్ అయినా, మిడ్‌సైజ్ అయినా రెండూ అయిదుగురి బళ్లే. ఇంట్లో ఆరుగురున్నారని సోనెట్ వదిలి సెల్టోస్ కొంటే లాభం లేదు. ఆరుగురుంటే కారెన్స్ వైపో, ఎర్టిగా వైపో చూడాలి. అవి చూడటానికి అంత గంభీరంగా ఉండవు, పెళ్లికి వెళితే గేటు దగ్గర ఎవరూ తల తిప్పి చూడరు. కానీ తాతయ్యని ఇంటి దగ్గర వదిలి పెళ్లికి వెళ్లాల్సిన పని ఉండదు.

డిక్కీ సంగతి కూడా కొలిచి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మొదట వచ్చినప్పుడు సోనెట్ డిక్కీ 392 లీటర్లు, సెల్టోస్‌ది 433. తేడా 41 లీటర్లు, అంటే ఒక మోస్తరు సంచి. ఇక్కడ లీటర్ల కంటే ఆకారం ముఖ్యం. ఎంత లోతుంది, చక్రాల ఉబ్బు ఎంత లోపలికొచ్చింది, అంచు ఎంత ఎత్తులో ఉంది అని చూడాలి. పాతిక కేజీల బియ్యం బస్తాని ఆ అంచు మీదుగా ఎత్తి లోపల పెట్టేది మీరే కదా. మిడ్‌సైజ్ అనగానే డిక్కీ పెద్దదని కూడా నమ్మడానికి లేదు. గ్రాండ్ విటారాలో హైబ్రిడ్ తీసుకుంటే బ్యాటరీ వెనకే కూర్చుంటుంది, దాంతో డిక్కీలో దాదాపు వంద లీటర్లు పోతాయి. లీటరుకి 28 కిలోమీటర్లకి దగ్గరగా మైలేజీ అని కంపెనీ లెక్క చూసి మురిసిపోయినవాళ్లు, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసుని ఒళ్లో పెట్టుకుని వెళతారు.

ఎదుటి పక్షం కూడా చెప్పాలి. గీతకి ఇవతల ఉన్నా లోపల విశాలంగా కుట్టిన బళ్లున్నాయి. మహీంద్రా త్రీ ఎక్స్ ఓ పొడవు 3,990 మాత్రమే, వీల్‌బేస్ మాత్రం 2,600. గ్రాండ్ విటారాది కూడా సరిగ్గా 2,600. కాంపాక్ట్ బండిలో వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లకి మిడ్‌సైజ్ జాగా ఇచ్చారన్నమాట. మరి ఆ జాగా ఎక్కడి నుంచి తెచ్చారు? డిక్కీ నుంచి కోశారు. స్కోడా కుషాక్‌ది వేరే కథ. అది 4,225 మిల్లీమీటర్లే, సెల్టోస్ కంటే తొమ్మిది సెంటీమీటర్లు పొట్టి. వీల్‌బేస్ మాత్రం 2,651, సెల్టోస్ కంటే ఎక్కువ. కాబట్టి కాంపాక్టా, మిడ్‌సైజా అని పేరు చూసి తీర్పు చెప్పకండి. ఆ బండి తన పొడుగుని ఎక్కడ ఖర్చు పెట్టిందో చూడండి.

ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగుదాం. పార్కింగ్ అంటే అందరూ వెడల్పు గురించి భయపడతారు. పది మిల్లీమీటర్ల తేడాకి భయమెందుకు? అసలు చిక్కు పొడవుతో వస్తుంది. సాధారణంగా ఒక కారుకి గీసే జాగా రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. అందులో సోనెట్ పెడితే ముందు సరిగ్గా మీటరు మిగులుతుంది. మన ఇళ్లలో ఆ మీటరులో ఏముంటుందో మీకు తెలుసు. గోడకి ఆనించి అడ్డంగా ఒక స్కూటర్. స్కూటర్ హ్యాండిల్ వెడల్పు దాదాపు 70 సెంటీమీటర్లు, మీటరులో ఇమిడిపోతుంది. అదే జాగాలో సెల్టోస్ పెడితే మిగిలేది 68 సెంటీమీటర్లు. స్కూటర్ పట్టదు. పట్టించాలని చూస్తే కారు తోక దారిలోకి పొడుచుకొస్తుంది, వాచ్‌మన్ రోజూ రాత్రి ఇంటర్‌కమ్‌లో పిలుస్తాడు. నాకు తెలిసిన ఒక అపార్ట్‌మెంట్లో అసోసియేషన్ మీటింగులు సగం ఇలాంటి తోకల మీదే నడుస్తాయి. బండి చూడటానికి షోరూముకి వెళ్లేముందు ఒక టేపు తీసుకుని సెల్లార్‌లోకి దిగండి. స్తంభం నుంచి స్తంభానికి ఎంతుంది, తలుపు తెరిస్తే పక్క బండికి తగులుతుందా, ర్యాంపు మలుపులో ఒక్కసారికే తిరుగుతుందా, వెనక్కి తీసి మళ్లీ తిప్పాలా అని చూసుకోండి. బ్రెజా తిరగడానికి 4.8 మీటర్ల వ్యాసార్థం చాలు, గ్రాండ్ విటారాకి 5.4 కావాలి. ఒకే కంపెనీ బళ్లు. కాగితం మీద అరవై సెంటీమీటర్లే. సందు మొదట్లో యూ టర్న్ తీసుకునేటప్పుడు వెనక ఆటో హారన్ మోగిస్తుంటే ఆ అరవై సెంటీమీటర్ల విలువ తెలుస్తుంది.

రోడ్డు మీదికొచ్చాక మిడ్‌సైజ్ తన డబ్బు కొంత వసూలు చేసి పెడుతుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువైతే స్పీడ్ బ్రేకర్ మీద ముందుకీ వెనక్కీ ఊగడం తగ్గుతుంది. విజయవాడ రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంలో బండి కుదురుగా ఉంటుంది, ఆరేడు గంటల ప్రయాణంలో నడుముకి ఆ తేడా తెలుస్తుంది. అయిదుగురూ, సామానూ, ఏసీ, శ్రీశైలం ఘాట్ అన్నీ కలిస్తే, నాలుగు సిలిండర్ల 1500 సీసీ ఇంజిన్ విసుక్కోకుండా లాగుతుంది. కాంపాక్ట్‌లో మామూలు 1200 సీసీ ఇంజిన్ అక్కడ గేరు దించమని అడుగుతుంది. అదే టర్బో ఉన్నదైతే అడగదు. ఆ 1200 సీసీ పన్ను గీత పుణ్యమా అని కంపెనీలు చిన్న ఇంజిన్లకి టర్బో తగిలించడం నేర్చుకున్నాయి, లాగడంలో అవి పెద్దవాటికి తీసిపోవు. కాకపోతే ఊళ్లో సిగ్నల్ సిగ్నల్‌కీ తొక్కుతూ నడిపితే పెట్రోల్ బంకువాడు మీ పేరు గుర్తు పెట్టుకుంటాడు.

టోల్ మాత్రం రెండిటికీ ఒకటే. విజయవాడ రోడ్డు మీది పంతంగి టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్‌కి మీ బండి పొడుగుతో పని లేదు.

భద్రత విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది, పెద్ద బండైతే గట్టిదని. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు ఏది? 2018 డిసెంబర్లో నెక్సాన్, నాలుగు మీటర్ల లోపు బండి. 2020లో సెల్టోస్‌కి వచ్చినవి మూడు. 2022లో కుషాక్, టైగూన్‌లకి అయిదేసి వచ్చాయి. 2023 అక్టోబర్ నుంచి మనకే భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది, అందులోనూ నెక్సాన్, త్రీ ఎక్స్ ఓ, కైలాక్ లాంటి చిన్న బళ్లు అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. రెండు బళ్లు ఎదురెదురుగా గుద్దుకుంటే బరువైనదానికి కొంత అనుకూలత ఉంటుందన్నది భౌతిక శాస్త్రం, కాదనలేం. కానీ రెండు రకాల బళ్ల మధ్య ఉన్న బరువు తేడాని నమ్ముకుని నక్షత్రాలు వదులుకోవడం నా దృష్టిలో తెలివైన బేరం కాదు. పరీక్ష ఫలితం చూసేటప్పుడు ఏ ఏడాది, ఏ మోడల్‌కి చేశారో కూడా చూడండి. పాత మోడల్‌కి వచ్చిన నక్షత్రాలు కొత్తదానికి వారసత్వంగా రావు. అలాగే వెనక సీటు మధ్యలో భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, తల ఆన్చుకునే దిండు ఉందా అని చూడండి. అక్కడ కూర్చునేది మీ ఇంటివాళ్లే.

మళ్లీ డబ్బు దగ్గరికి వద్దాం, ఎందుకంటే షోరూము ధర ఒకటి, రోడ్డు మీదికొచ్చే ధర ఇంకొకటి. తెలంగాణలో 2022లో సవరించిన లైఫ్ టాక్స్ ప్రకారం 5 లక్షలు దాటి 10 లక్షల లోపు ఉన్న కారుకి 14 శాతం, 10 దాటితే 17 శాతం, 20 దాటితే 18 ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లోనూ శ్లాబుల పద్ధతే. ఈ శ్లాబుల్లో ఒక మెలిక ఉంది. దాటినంత మేరకే కాదు, మొత్తం ధర మీద పెద్ద శాతం పడుతుంది. ఆ 2022 రేట్ల లెక్కన 9 లక్షల 90 వేల బండికి లైఫ్ టాక్స్ లక్షా 38 వేల 600. 10 లక్షల 10 వేల బండికి లక్షా 71 వేల 700. షోరూము ధరలో 20 వేలు పెరిగితే పన్నులో 33 వేలు పెరిగింది! పైగా 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో తిరిగొస్తుంది, కానీ ముందు జేబులోంచి తీయాలి. కాబట్టి 10 లక్షల అంచున ఊగుతున్న కాంపాక్ట్ కొనేవాళ్లు ఒక మెట్టు కింది వేరియంట్‌ని తీసిపారేయకుండా చూడాలి. మిడ్‌సైజ్ బళ్లు చాలావరకు ఆ గీత దాటే ఉంటాయి కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

ఇన్సూరెన్స్‌లోనూ గీతలున్నాయి. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సైజుని బట్టి ఉంటుంది. వెయ్యి సీసీ లోపు ఒకటి, వెయ్యి నుంచి 1500 దాకా ఒకటి, 1500 దాటితే రెట్టింపు పైన. సోనెట్ టర్బో ఇంజిన్ 998 సీసీ, సెల్టోస్ మామూలు పెట్రోల్ 1497. ఈ అంకెలు ఎందుకలా ఉన్నాయో ఇప్పుడు మీకు నేను చెప్పనక్కర్లేదు.

మొత్తం మీద రెండు బళ్ల మధ్య ఆన్‌రోడ్ తేడా మూడు లక్షలు వచ్చిందనుకోండి. అది అప్పుగా తీసుకుంటే, 9 శాతం వడ్డీకి అయిదేళ్లలో తీర్చేలా, నెలకి 6,200 రూపాయల పైచిలుకు. షోరూములో ఏడేళ్ల ఈఎంఐ చూపించి ఇంత తక్కువేనండీ అంటారు. అయిదేళ్లకి లెక్క వేయించుకోండి, అప్పుడు కూడా ముద్దొస్తే కొనండి. టైర్లు మార్చేనాడు కూడా పెద్ద చక్రాలకి పెద్ద బిల్లే వస్తుంది.

కరెంటు బళ్ల గురించి ఒక్క మాట. వాటికి పొడుగుతో నిమిత్తం లేకుండా 5 శాతమే జీఎస్టీ. నెక్సాన్ ఈవీ కొన్నా, క్రెటా ఎలక్ట్రిక్ కొన్నా శాతం అదే. నాలుగు మీటర్ల గీత అక్కడ పనిచేయదు. రేపు ఎక్కువ బళ్లు కరెంటువే అయితే ఈ 3,995 అనే అంకె కూడా మెల్లగా మాయమవుతుందని నా అనుమానం.

ఇంతకీ ఏది కొనమంటారు అని అడుగుతారు, తప్పదు. ఊళ్లో తిరగడానికి, ఇద్దరు పెద్దలూ ఒకరిద్దరు పిల్లలూ అయితే కాంపాక్టే కొనండి, నిస్సంకోచంగా. టాప్ మోడల్ అక్కర్లేదు, దాని కింది మెట్టు చాలు. 22 శాతం పన్ను తేడా ఇంకెక్కడా ఇంత తేలిగ్గా మిగలదు. ఇంట్లో ఎత్తుగా ఉన్న పెద్దవాళ్లు ఇద్దరు రోజూ వెనక కూర్చునేవాళ్లయితే, నెలకో రెండు నెలలకో ఊరికి వెళ్లొచ్చేవాళ్లయితే, మిడ్‌సైజ్‌లో కింది మోడల్ తీసుకోండి. స్క్రీన్, స్పీకర్లు, సీటు కవర్లు తర్వాత బయట వేయించుకోవచ్చు. వీల్‌బేస్ బయట వేయించుకోలేం. ఆ కింది మోడల్లో ఎయిర్ బ్యాగులు, బ్రేకులు, వెనక ఏసీ గాలి ఉన్నాయో లేవో చూసుకుంటే చాలు. ఏడాదికి ఒక్కసారి తిరుపతి వెళ్లడం కోసం మాత్రం పెద్ద బండి కొనకండి. ఆ ఒక్కసారికి ఇన్నోవా బాడుగకి దొరుకుతుంది, డ్రైవరుతో సహా.

ఇక టెస్ట్ డ్రైవ్. షోరూముల్లో టెస్ట్ డ్రైవ్‌కి ఉంచే బండి చాలాసార్లు టాప్ మోడల్, టర్బో, ఆటోమేటిక్. మీరు కొనబోయేది కింది మోడల్ మామూలు పెట్రోల్ అయితే అదే తెప్పించమనండి, రెండు రోజులు ఆగాల్సి వచ్చినా ఆగండి. సేల్స్ అబ్బాయి ముందు సీట్లో పక్కన కూర్చుంటానంటే వెనక్కి పంపండి. నడిపే మనిషి తన ఎత్తుకి సీటు సర్దుకున్నాక, దాన్ని కదపకుండా దిగి, సరిగ్గా తన వెనక సీట్లోనే కూర్చుని చూడాలి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయా, తొడలు సీటు మీద ఆనుతున్నాయా, పాదం ముందు సీటు కిందికి దూరుతోందా అని చూడాలి. తర్వాత అమ్మగారిని ఎక్కించండి. ఒక కాలు లోపల పెట్టాక రెండో కాలు ఎత్తడానికి ఎంత కష్టపడుతున్నారు, దిగేటప్పుడు దేన్ని పట్టుకుంటున్నారు అన్నది గమనించండి. ఒక్కోసారి చిన్న బండి తలుపే ఎక్కువ వెడల్పుగా తెరుచుకుంటుంది. ఇంట్లో అందరూ ఎక్కి, ఏసీ వేసి, మీ ఇంటి దగ్గరి స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒక రౌండ్ వేసి, అదే బండిని మీ సెల్లార్‌లోకి దించి చూడండి. అంత దూరం ఇవ్వం అని వాళ్లంటే ఇంకో షోరూముకి వెళ్లండి. ఆ కంపెనీకి మీ ఊళ్లో ఇంకో డీలర్ ఉండే ఉంటాడు.